ఆలస్యంగా ఆరిన సిరా

ప్లీడరు పొద్దున్నే ఎనిమిదింటికల్లా వీధి గదిలో కూర్చునేవాడు. మూడు బీరువాల నిండా చట్టం పుస్తకాలు, కిటికీ పక్కన టేబులు, టేబులుకి ఇవతల క్లయింట్ల కోసం పొడుగాటి చెక్క బల్ల. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. కొత్తవాళ్ళు ఎడం వైపు కూర్చోగానే అది కాస్త ఒరిగేది, వాళ్ళు కంగారుపడి సర్దుకునేవాళ్ళు. దాన్ని బాగు చేయించమని భార్య పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది. కోర్టు మెట్లెక్కే ముందు మనిషికి కాస్త ఒరగడం అలవాటవ్వాలి కదా అని ఆయన నవ్వేసేవాడు.

భార్య ఆడపిల్లల బళ్ళో లెక్కల టీచరు. తొమ్మిదింటికి ఆమె బడికి, తొమ్మిదిన్నరకి ఆయన కోర్టుకి. బయల్దేరే ముందు ఆ రోజు దాఖలు చెయ్యాల్సిన కాగితాలన్నీ టేబులు మీద పరిచి, ఒక్కో సంతకాన్నీ బొటనవేలితో అద్ది చూసేవాడు. వేలికి సిరా అంటితే ఆ కాగితం పక్కన పెట్టేసి, క్లయింటుని పిలిపించి, ఇందులో ఎక్కడో అబద్ధం రాయించావు, అదేమిటో చెబితే కొట్టేద్దాం అనేవాడు. కొందరు చెప్పేవాళ్ళు. కొందరు కాగితాలు పట్టుకుని వేరే ప్లీడరు దగ్గరికి పోయేవాళ్ళు.

ఆ ఊళ్ళో అంతే. తెలిసి తెలిసి అబద్ధం కింద పెట్టిన సంతకం ఆరదు. ఎండలో పెట్టినా, ఫ్యాను కింద పెట్టినా, ఇరవయ్యేళ్ళు బీరువాలో దాచినా, పెట్టిన క్షణాన ఎంత తడిగా ఉందో అంత తడిగానే ఉంటుంది. ఎప్పట్నుంచి అలా ఉందో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు. వాన వస్తే గొడుగు తీసినట్టు జనం దానికి తగ్గ ఏర్పాట్లు చేసుకున్నారు. మున్సిపల్ ఆఫీసులో గోడ నుంచి గోడకి తాళ్ళు కట్టి, క్లిప్పులు తగిలించి కాగితాలు ఆరేసేవాళ్ళు. అవి ఆరవని తెలుసు. కాని ఫైల్లో పెడితే పక్క కాగితాలు ఖరాబవుతాయి. కింద నడిచేవాళ్ళ భుజాల మీద సిరా చుక్కలు పడేవి. గుమస్తాలంతా ముదురు రంగు చొక్కాలే కుట్టించుకునేవాళ్ళు. ఇస్త్రీ దుకాణం ఆవిడ చొక్కా చేతిమడత మీది మరక చూసి మనిషి ఏ సెక్షన్లో పనిచేస్తాడో చెప్పేసేది. బిల్డింగు ప్లాన్ల సెక్షన్ వాళ్ళ చొక్కాలైతే తన వల్ల కాదని తిప్పి పంపేది.

ఇంత బాహాటంగా కనబడుతుంటే ఎవరూ పట్టుకోరా అంటే, పట్టుకోరు. తడి సాక్ష్యం కాదని కోర్టు ఏనాడో తేల్చేసింది. ప్లీడరు కుర్రతనంలో దాని మీద మూడు రోజులు వాదించాడు. జడ్జిగారు ఓపిగ్గా విన్నారు. కాగితానికి చెమ్మ పట్టడానికి సవాలక్ష కారణాలుంటాయనీ, సంతకం తనదేనని పెట్టినవాడు ఒప్పుకున్నాక సిరా సంగతి కోర్టుకి అనవసరమనీ తీర్పు చెప్పారు. ఆ తీర్పు కింద సంతకం పెట్టి, దాని మీద అద్దుడు కాగితం ఒత్తుకున్నారు.

దాంతో ప్లీడరుకి కోర్టు మీద ఆశ సగం చచ్చిపోయింది. మున్సిపల్ ఎన్నికల్లో నిలబడ్డాడు.

రెండుసార్లు చిత్తుగా ఓడిపోయాడు. మూడోసారి గెలిచాడంటే అందులో సగం పుణ్యం ఆయన బావమరిదిది. ఆ తమ్ముడు పన్నెండేళ్ళ వయసులో అక్క వెనకాలే ఈ ఇంటికి వచ్చాడు. వాళ్ళకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ ఒరిగే బల్ల మీదే కూర్చుని పాఠాలు చదువుకున్నాడు, దాని మీదే పడుకున్నాడు. ఇంజినీరింగు డిప్లొమా ప్లీడరే దగ్గరుండి చదివించాడు. చదివించినన్నాళ్ళూ ఒకటే మాట నూరిపోశాడు, చదవని కాగితం మీదా నమ్మని మాట కిందా సంతకం పెట్టకూడదని. కుర్రాడు దాన్ని అక్షరాలా పట్టుకున్నాడు. అదే మున్సిపాలిటీలో ఓవర్సీరయ్యాడు. తాళ్ళకి వేలాడే కాగితాల్లో అతని సంతకం ఒక్కటీ ఉండేది కాదు. ఉద్యోగంలో ఉన్నవాడు కాబట్టి వేదిక ఎక్కలేదు. కాని ఏ కాలవకి ఎంత లోతు రాసి ఎంత తవ్వారో, ఏ రోడ్డు ఎన్ని వానలకి కొట్టుకుపోయిందో సాయంత్రాలు బావ ముందు కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ప్లీడరు ఆ కొలతలన్నీ కంఠతా పట్టి వీధి వీధినా నిలబడి చెప్పాడు. జనానికి తమ వీధి లోతు తెలిసిన మనిషి మీద నమ్మకం కలిగింది.

ఛైర్మనయ్యాక మొదటి రెండేళ్ళూ ఆయన చేసినవి ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. తన కుర్చీ, టేబులు గదిలోంచి తెప్పించి వరండాలో వేయించుకున్నాడు. ఏ సంతకమైనా జనం చూస్తుండగానే. పెట్టిన సంతకం కలం మూత పెట్టేలోగా ఆరిపోయేది. పనీపాటా లేని ముసలివాళ్ళు దాన్ని చూడ్డానికే వచ్చి వరండా మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆరగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని తల పంకించేవాళ్ళు. ఆఫీసులో తాళ్ళు ఒక్కోటీ ఊడిపోయాయి. గుమస్తాల్లో ఒకరిద్దరు తెల్ల చొక్కాలు వేసుకొచ్చారు.

ఆయనకి ఒకటే గుబులు. ఇదంతా తన టేబులు వరండాలో ఉన్నంత కాలమే. తను దిగిపోగానే తాళ్ళు మళ్ళీ వస్తాయి. అందుకని ఒక తీర్మానం రాశాడు. ఊళ్ళో ఏ పని జరిగినా దాని కొలతలూ, వాడాల్సిన సరుకూ, చేసేవాడి పేరూ పని జరిగే చోట బోర్డు మీద రాయాలి. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా వచ్చి కొలిచి చూసుకోవచ్చు. వాళ్ళ అభ్యంతరం తేలేదాకా పని పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వకూడదు. ఇది ఒకసారి నెగ్గితే తర్వాత ఎవడొచ్చినా తీసెయ్యడానికి జంకుతాడని ఆయన లెక్క. కౌన్సిల్లో ఇరవై ఒక్కమంది. ఆయన వైపు ఎనిమిది మంది. తొమ్మిది మంది కాంట్రాక్టరు చెప్పినట్టు చెయ్యెత్తేవాళ్ళు.

ఆ కాంట్రాక్టరు అప్పుడే దిగువ పేటలో నీళ్ళ ట్యాంకు కట్టి ముగించాడు. దిగువ పేట వాళ్ళకి అప్పటికి రెండు రోజులకోసారి నీళ్ళు. ఎత్తుగా ఆరు స్తంభాల మీద ట్యాంకు లేచేసరికి పేటంతా దాని కిందే తిరిగేది. ఓవర్సీరు తనిఖీకి వెళ్ళి రెండు రోజులు అక్కడే ఉన్నాడు. మూడో రోజు కాంట్రాక్టరూ అతనూ ఒకరి వెనక ఒకరు ఛైర్మను ఇంటికి వచ్చారు.

వీధి గదిలో ముగ్గురే ఉన్నారు. మధ్యాహ్నం మూడు గంటలు. ఓవర్సీరు ఒక కాగితం టేబులు మీద పెట్టి, ఉత్తరం వైపు రెండు స్తంభాల్లో ఇనప చువ్వలు సగమే ఉన్నాయని చెప్పాడు. కొడితే సిమెంటు ఇసకలా రాలుతోందన్నాడు. ఆ రెండూ విప్పి మళ్ళీ కట్టాలన్నాడు. కాంట్రాక్టరు ఏమీ గాభరాపడలేదు. నవ్వు మొహంతో కూర్చుని, ఛైర్మనుగారి తీర్మానం తనకి కూడా నచ్చిందనీ, తన తొమ్మిది మందితో మాట్లాడాననీ, ట్యాంకు సంగతి కూడా ఇవాళే తేలిపోతే అందరికీ సుఖమనీ అన్నాడు.

ప్లీడరు బావమరిది వైపు తిరిగి, ముందు ధ్రువపత్రం ఇచ్చేద్దాం, తీర్మానం నెగ్గాక స్తంభాలు మనమే దగ్గరుండి గట్టి చేయిద్దాం, కింద సంతకం పెట్టు అన్నాడు.

"నేను పెట్టను బావా," అన్నాడు ఓవర్సీరు. "నెల రోజులియ్యి. నెలలో అవుతుంది."

"పెట్టమని చెప్తున్నది ఎవరనుకుంటున్నావు?"

"నువ్వే. అందుకే రెండోసారి కూడా చెప్తున్నా. పెట్టను."

కాంట్రాక్టరు తెచ్చిన ధ్రువపత్రాన్ని ప్లీడరు తన వైపు లాక్కున్నాడు. ఓవర్సీరు సంతకం చెయ్యాల్సిన చోటు వదిలేసి, ఛైర్మను హోదాలో తను తనిఖీ జరిపించాననీ, నిర్మాణం సంతృప్తికరంగా ఉందనీ రాసి, సంతకం పెట్టాడు. పెట్టి కలం మూత బిగించాడు. సిరా నిగనిగలాడుతూ అలాగే ఉంది. ముగ్గురూ దాన్ని చూశారు. కాంట్రాక్టరు జేబులోంచి అద్దుడు కాగితం తీసి మర్యాదగా రెండు చేతులతో అందించాడు. ప్లీడరు ఇంట్లో అలాంటిది ఎప్పుడూ ఉండేది కాదు మరి.

తీర్మానం పదిహేడు మందితో నెగ్గింది. దిగువ పేటలో రోజూ నీళ్ళొచ్చాయి. మొదటి రోజు ఆడవాళ్ళు కొళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి చూసుకున్నారు. పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చి తీర్మానం నకళ్ళు రాసుకుపోయారు. స్తంభాలు గట్టి చేయించాలని ప్లీడరు ఆ ఏడు వేసవి తర్వాత అనుకున్నాడు. తర్వాత ఏడు వానలకి ముందు అనుకున్నాడు. అటు పైన ఎన్నికలు వచ్చాయి, మళ్ళీ గెలిచాడు. ట్యాంకు నిలబడే ఉంది. నిలబడ్డదాన్ని విప్పమంటే ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకుకి జవాబు చెప్పడం కష్టం. ఓవర్సీరు ఏటా ఒక కాగితం రాసి ఆఫీసులో ఇస్తూనే ఉన్నాడు. ఇంటికి రావడం మాత్రం తగ్గించాడు.

ట్యాంకు కట్టిన ఆరో ఏట ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి ఉత్తరం వైపు స్తంభాలు రెండూ కూలాయి. ట్యాంకు పక్కకి ఒరిగి, నీళ్ళతో సహా పంపు గది మీద పడింది. పంపు ఆపరేటరు లోపలున్నాడు. పొద్దుటి టిఫిను తెచ్చిన అతని భార్య గుమ్మంలో ఉంది. మిగతావాళ్ళు అప్పటికే నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు గనక ఇద్దరితో పోయిందని ఊరంతా అనుకుంది. ప్లీడరు అక్కడికి వెళ్ళాడు. నీళ్ళు మోకాటి లోతున పారుతున్నాయి. జనం ఆయనకి దారిచ్చారు. తమ ఛైర్మను వచ్చాడు, ఇక న్యాయం జరుగుతుందని ఒకావిడ పక్కావిడతో అనడం ఆయన చెవిన పడింది.

విచారణ అధికారి వచ్చాడు. ఫైలు తెరిచారు. ఓవర్సీరు రాసిన అభ్యంతరాలు ఒక్కటీ లేవు. వాటి బదులు తనిఖీ నివేదిక అని కొత్త కాగితం ఉంది. దాని కింద ఓవర్సీరు సంతకం లాంటిది ఒకటి, వేలు పెడితే మునిగేంత తడిగా. అది తనది కాదనీ, లోపం సంగతి ఛైర్మనుకి ముందే చెప్పాననీ ఓవర్సీరు అన్నాడు. తడి లెక్కలోకి రాదు గదా. అధికారి ఆ కాగితాన్ని తన చేతులకి అంటకుండా పక్కకి జరిపి, ఛైర్మనుని పిలిచాడు.

"స్తంభాల్లో లోపం ఉందని ఓవర్సీరు మీకు చెప్పాడా?"

ప్లీడరు ముప్ఫయ్యేళ్ళుగా సాక్షుల్ని నిలదీసిన మనిషి. ఏ మాటకి ఎంత బరువో ఆయనకి తెలుసు. చెప్పాడంటే తను నేరస్థుడు, తన తీర్మానం తనతో పోతుంది. చెప్పలేదంటే పచ్చి అబద్ధం, రేపెవడైనా నిరూపించవచ్చు. రెంటికీ మధ్య ఒక మాట ఉంది. అది చెప్పినవాణ్ణి చట్టం ఏమీ చెయ్యలేదు.

"నాకు గుర్తు లేదండీ," అన్నాడు.

బావమరిది రెండు గజాల అవతల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాంగ్మూలం కింద ప్లీడరు సంతకం పెడుతుంటే తల తిప్పి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఓవర్సీరు ఉద్యోగం పోయింది. రెండేళ్ళు జైలు పడింది. ఆ రోజు సాయంత్రం భార్య బడి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా వీధి గదిలోకి వచ్చి నిలబడింది. తమ్ముడు చెప్పాడా లేదా అని ఒక్కటే అడిగింది. రాజకీయాల్లో ఉండే ఇబ్బందులు నీకు తెలీవని ప్లీడరు మొదలుపెట్టాడు. ఆమె పూర్తిగా విని లోపలికి వెళ్ళిపోయింది. దెబ్బలాడలేదు, పుట్టింటికి వెళ్ళిపోతానని అనలేదు. వెళ్ళడానికి ఆమె పుట్టింట్లో ఉన్నది ఆ తమ్ముడొక్కడే. మర్నాడు బడికి వెళ్తూ బజార్లో అద్దుడు కాగితాల కట్ట కొనుక్కొచ్చి ఆయన టేబులు మీద పెట్టింది. అప్పట్నుంచీ అయిపోయినప్పుడల్లా కొత్తది తెచ్చి పెడుతూనే ఉంది, ఇంట్లోకి సబ్బు తెచ్చినట్టు.

ప్లీడరు ఆ తర్వాత ఎన్నికల్లో నిలబడలేదు. ఆరోగ్యం బాగాలేదన్నాడు. మళ్ళీ కోర్టుకి వెళ్ళసాగాడు. పొద్దున్నే క్లయింట్ల సంతకాలు వేలితో అద్ది చూడడం మానేశాడు. ఆ అడిగే నోరు ఆయనకిప్పుడు లేదు. తీర్మానం నిలిచింది. పని జరిగే ప్రతి చోటా బోర్డులున్నాయి. దారిలో బోర్డు కనబడితే ఆగి చదివేవాడు. చదివి, ఇది నిలబడాలంటే అది తప్పలేదు కదా అని తనకి తనే చెప్పుకునేవాడు. అలా రోజుకి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో.

ఓవర్సీరు జైలు నుంచి వచ్చి మూడేళ్ళయ్యాక ఒక ఆదివారం పదకొండింటికి వీధి తలుపు దగ్గర నిలబడి కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. లోపలికి వచ్చి బల్లకి కుడి వైపు కూర్చున్నాడు. అటు కూర్చుంటే ఒరగదని అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

"ప్లీడరు గారూ, మీతో చిన్న పని పడింది," అన్నాడు.

ఆ పిలుపుకి ప్లీడరు చేతిలో ఉన్న కాగితం కింద పెట్టాడు. పనేమిటో అతనే చెప్పాడు. ఊరి చివర ఎవరో ప్రైవేటు బడి కడుతున్నారు. సామాన్ల కాపలాకి మనిషి కావాలన్నారు. నడవడి మంచిదని పదేళ్ళ పైబడి ప్రాక్టీసున్న ప్లీడరు చేత రాయించి తెమ్మన్నారు. ముగ్గురిని అడిగాడట. జైలుకి వెళ్ళొచ్చినవాడికి ఎలా రాస్తామన్నారట. ఇంక ఈ గుమ్మం తప్ప మిగల్లేదు. ఈ మాటలు చెబుతున్నప్పుడు అతని గొంతులో నిష్ఠూరమేమీ లేదు. సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చాయో చెబుతున్నట్టు చెప్పాడు.

ప్లీడరు కాగితం తీసి రాశాడు. ఈయన నాకు నలభయ్యేళ్ళుగా తెలుసు. వృత్తిలో గాని, బతుకులో గాని ఈయన అబద్ధం చెప్పగా నేను ఎరగను. తన కింద జరిగే ప్రతి పనిలోనూ లోపం ఉంటే ఉందని చెప్పిన మనిషి. అంతే రాసి సంతకం పెట్టాడు. అలవాటు కొద్దీ అద్దుడు కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అక్కడికి చేరేలోగానే సంతకం ఆరిపోయింది.

ఓవర్సీరు కాగితం అందుకుని బొటనవేలితో సంతకం మీద రుద్దాడు. వేలు తిప్పి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది.

"ఆరింది," అన్నాడు. "అయితే మీకు గుర్తుందన్నమాట."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అక్కయ్యని అడిగానని చెప్పమని, వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్లీడరు కోర్టుకి వెళ్ళలేదు. టేబులు ముందు కూర్చుని వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాడు. మొదటిది నాలుగు పేజీలొచ్చింది. చక్కటి భాష. ట్యాంకు విషయంలో ఓవర్సీరు నోటిమాటగా కొన్ని సందేహాలు వ్యక్తం చేసి ఉండవచ్చుననీ, పని ఒత్తిడి వల్ల ఆనాడు విచారణలో ఆ సంగతి జ్ఞప్తికి రాలేదనీ, ప్రజల మేలు కోరి తాను తీసుకున్న నిర్ణయంలో పొరపాటు దొర్లి ఉండవచ్చుననీ రాశాడు. ఏ జడ్జి చదివినా జాలిపడతాడు. ఓవర్సీరుకి ఎంతో కొంత మేలు జరుగుతుంది, తనకి మందలింపుతో పోతుంది. సంతకం పెట్టి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆరలేదు.

చట్టానికి తడితో పని లేదు. అలాగే దాఖలు చేసెయ్యవచ్చు. కాని ఆ కాగితం ముందుగా ఎవరికి చూపించాలో ఆయనకి తెలుసు. తడిది పట్టుకుని ఆ మనిషి ఎదుటికి వెళ్ళలేడు.

'చెప్పి ఉండవచ్చు' తీసేసి 'చెప్పాడు' అని రాశాడు. ఆరలేదు. 'జ్ఞప్తికి రాలేదు' కొట్టేసి, గుర్తుండే గుర్తు లేదన్నానని రాశాడు. ఆ వాక్యం రాయడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. అయినా ఆరలేదు. తర్వాత గట్టి చేయిద్దామనుకున్నానన్న వాక్యం పోయింది. ఆరోగ్యం బాగాలేక రాజకీయాలు మానానన్న వాక్యం పోయింది. రోజుకొకటి తగ్గుతూ నాలుగు పేజీలు ఒక పేజీకి వచ్చాయి. సిరా మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. తొమ్మిదో రోజు బడి నుంచి వచ్చిన భార్య గదిలోకి తొంగి చూసింది. నేల నిండా కాగితాలు. ఆమె వంగి ఒకటి తీసి చదివింది, ఇంకొకటి తీసి చదివింది. అన్నీ చదివేసరికి పొద్దు వాలింది. ఇన్నేళ్ళలో ఆ టేబులు ఎదురుగా ఆమె కూర్చోవడం అదే మొదలు.

"లెక్క తేలకపోతే పిల్లలు తమకి రాని మెట్టులోనే వెతుకుతారండీ," అంది. "తప్పు సాధారణంగా వాళ్ళకి బాగా వచ్చనుకున్న మెట్టులో ఉంటుంది. ఇందులో మీకు బాగా నచ్చిన వాక్యమేది?"

ఆయన వెతుక్కోనక్కర్లేకపోయింది. 'తీర్మానం నెగ్గించడం కోసమే నేను ఆ సంతకం పెట్టాను.' అన్ని ప్రతుల్లోనూ అక్షరం మారకుండా ఉన్న వాక్యం అదొక్కటే. పదకొండేళ్ళుగా దాని మీదే ఆయన నిలబడ్డాడు.

దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. కూర్చోగా కూర్చోగా ఆ మధ్యాహ్నం మూడు గంటలు తిరిగి వచ్చాయి. బావమరిది నెల రోజులియ్యమన్నాడు. అప్పుడు కాంట్రాక్టరు ఏమన్నాడు? కుర్చీలో వెనక్కి వాలి, నెల రోజులైతే నాకేం తొందర లేదండీ, మా వాళ్ళు అప్పుడైనా చెయ్యెత్తుతారు అన్నాడు. అన్నాడు. ప్లీడరు ఆ మాట విన్నాడు. విని, మర్చిపోయాడు. ఎంతగా మర్చిపోయాడంటే ఇన్ని వందలసార్లు ఆ గదిని తలుచుకున్నా అందులో కాంట్రాక్టరు నోరు విప్పినట్టే లేదు. నెలాగితే స్తంభాలూ నిలిచేవి, తీర్మానమూ నెగ్గేది. పంపు గది దగ్గర ఆ ఇద్దరూ బతికి ఉండేవాళ్ళు. మరి ఎందుకు పెట్టాడు?

కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేసి, దాని కింద రాశాడు. 'నెల ఆగడానికి కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. నేను ఆగలేదు. నేను పెంచిన కుర్రవాడు, నేను నేర్పిన మాట నాకే చెప్పి, మూడో మనిషి ముందు నన్ను కాదన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతో సంతకం పెట్టాను.'

సంతకం ఆరిపోయింది. భార్య లేచి, దీపం వెయ్యడానికి వెళ్ళింది.

ఆ కాగితంతో జరగాల్సినవన్నీ వరసగా జరిగాయి. అందులో తేదీ, వేళ, ఎవరెక్కడ కూర్చున్నదీ, ఎవరేమన్నదీ గీత గీసినట్టు ఉంది గనక కేసు తిరగతోడక తప్పలేదు. ఓవర్సీరు నిర్దోషి అన్నారు. కాంట్రాక్టరు అప్పటికి పోయి రెండేళ్ళయింది, అతణ్ణి ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. ప్లీడరుకి పధ్నాలుగు నెలలు జైలు పడింది, ప్లీడరీ చేసుకునే సన్నదు రద్దయింది. కౌన్సిల్లో ఇన్నాళ్ళూ సమయం కోసం చూస్తున్నవాళ్ళు లేచి, దొంగ సంతకాల మనిషి రాసిన తీర్మానం మనకెందుకన్నారు. ఒక్క పూటలో కొట్టేశారు. బోర్డులు పీకేశారు. ఆఫీసులో మళ్ళీ తాళ్ళు కట్టారు.

ఓవర్సీరుని తిరిగి ఉద్యోగంలోకి పిలిచేటప్పటికి అతని సర్వీసు ఇంక పదకొండు నెలలే మిగిలింది. దిగువ పేటలో కొత్త ట్యాంకు కడుతున్నారు, దాని మీద వేశారు. బడి దగ్గర కాపలా పని ఎవరికో అప్పజెప్పి చేరాడు. చేరిన నెలలోనే మూడు స్తంభాలు విప్పించాడు. మళ్ళీ కట్టారు. వాటిలో ఒకటి మళ్ళీ విప్పించాడు. కౌన్సిలర్లు వచ్చి గోల చేశారు, పేట వాళ్ళు వచ్చి బతిమాలారు. అందరికీ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, అవదండీ అని చెప్పి పంపాడు. అతను రిటైరయ్యే రోజుకి నాలుగు స్తంభాలే లేచాయి. ఆ నాలుగింటి కాగితాల మీదా అతని సంతకం పొడిగా ఉంది. వాటి మీద కట్టాలంటే మిగిలిన రెండూ అంత గట్టిగానే కట్టక తప్పదని తర్వాత వచ్చిన ఇంజినీరు తల పట్టుకున్నాడట. అక్కయ్యని చూడ్డానికి అతను ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అది బావ జైల్లో ఉన్నన్నాళ్ళే.

ప్లీడరు విడుదలై వచ్చాక వీధి గదిలో పనేమీ లేకపోయింది. ఎండలు ముదిరాయి. ఊళ్ళో ఎగువ వీధులక్కూడా నీళ్ళు తగ్గించి దిగువ పేట మొదట్లో లారీ పెట్టి పోస్తున్నారు. పొద్దున ఏడింటికి ఆయన రెండు బిందెలు పట్టుకుని వెళ్ళి వరసలో నిలబడేవాడు. గడ్డం పెరిగింది, మనిషి చిక్కాడు, చాలామంది గుర్తుపట్టేవాళ్ళు కాదు. గుర్తుపట్టినవాళ్ళు పలకరించేవాళ్ళు కాదు.

ఒక రోజు ఆయన ముందు నిలబడ్డ ముసలావిడ, దూరంగా సగంలో ఆగిన ట్యాంకు వైపు చెయ్యి చూపించి తిట్టడం మొదలుపెట్టింది. ఎవరో చాదస్తపు ఓవర్సీరట, కట్టినవి విప్పించి, విప్పినవి కట్టించి ఇంత ఆలస్యం చేశాడట, వాడి మూలాన ఈ వయసులో తను ఇలా బిందె మొయ్యాల్సొచ్చిందట. వరసలో నలుగురైదుగురు అవునన్నారు. ప్లీడరు కాసేపు విన్నాడు. తర్వాత తన బిందెలు కింద పెట్టి, ఆవిడ బిందె అందుకున్నాడు.

"ఆలస్యం చేసింది ఆయన కాదమ్మా," అన్నాడు. "నేను."

ఆవిడకి అర్థం కాలేదు. ఈయన మొహంలోకి ఒకసారి చూసి, సరేలే బాబూ, వరస కదిలింది, ముందుకి జరుగు అంది.